గురి లేని పరుగు

కామవరపుకోట మండలంలో ఏ ఊరి హైస్కూలు ఆవరణలోకి సాయంత్రం ఐదు గంటల వేళ వెళ్ళి చూసినా ఆడే పిల్లలకు కొదవ ఉండదు. ఒక పక్క వాలీబాల్ నెట్టు, మరో పక్క కబడ్డీ గీతలు, మిగిలిన ఖాళీ జాగా అంతా టెన్నిస్ బంతి క్రికెట్టు. మెట్ట పొలాల్లో పొగాకు, మొక్కజొన్న పనులు చేసే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు. కండ ఉంది, ఓపిక ఉంది. ఆ పిల్లల్లో ఎవరినైనా ఆపి 'నీ లక్ష్యం ఏమిటి బాబూ?' అని అడగండి. 'ఇండియాకు ఆడాలి సార్' అని తడుముకోకుండా చెబుతాడు. 'మంచిది. మరి వచ్చే నెలాఖరుకు ఏం సాధిస్తావు?' అని రెండో ప్రశ్న వేయండి. జవాబు రాదు. నేల చూపులు చూస్తాడు.

ఆ మౌనం పిల్లవాడి తప్పు కాదు. రెండో ప్రశ్న అతన్ని అంతవరకు ఎవరూ అడిగి ఉండరు. ఇంట్లో అడగరు, బడిలో అడగరు, సంక్రాంతి పందేలు పెట్టే యువజన సంఘాల వారు అసలే అడగరు. పదో తరగతి దాటగానే ఈ పిల్లల్లో ఎక్కువ మంది ఆటకు దూరమవుతారు. ఒకడు ఏలూరులో మెకానిక్ షెడ్డులో చేరతాడు, ఒకడు పాస్‌పోర్టు తీయించుకుని గల్ఫుకు దారి చూసుకుంటాడు. ఆడపిల్లల సంగతి చెప్పనక్కర లేదు, వారి ఆట ఎనిమిదో తరగతితోనే సరి. తమలో ఎంత సత్తా ఉందో తెలియకుండానే వాళ్ళ ఆట ముగిసిపోతుంది. బాధ కలిగించేది అదే.

ఉర్దూలో తమన్నా, ఇరాదా, హదఫ్ అని మూడు మాటలు ఉన్నాయి. తమన్నా అంటే కోరిక. ఇరాదా అంటే సంకల్పం. హదఫ్ అంటే విలుకాడు బాణం వేయడానికి ఎదురుగా పెట్టుకున్న గురి. మన పిల్లలకు తమన్నా బోలెడంత ఉంది, కొందరికి ఇరాదా కూడా ఉంది. లేనిది హదఫ్. తెలుగులోని 'గురి' అనే మాట ఇంకా చక్కనిది. దానికి లక్ష్యం అని ఒక అర్థం, నమ్మకం అని ఇంకో అర్థం. ఫలానా వైద్యుడి మీద గురి కుదిరింది అంటాం కదా! క్రీడాకారుడికి రెండు గురులూ కావాలి. ఎదుట ఒక గుర్తు ఉండాలి, దాన్ని చూపించే ఉస్తాదు మీద నమ్మకం ఉండాలి.

నిజామాబాద్ ఆడపిల్ల

ఈ విషయంలో మన తెలుగు నేల మీదనే కళ్ళెదుట నిలిచిన ఉదాహరణ నిఖత్ జరీన్. 1996లో నిజామాబాద్‌లో పుట్టింది. నలుగురు ఆడపిల్లలున్న ఇల్లు. తండ్రి ముహమ్మద్ జమీల్ అహ్మద్ తానూ ఆటలు ఆడినవాడే. సౌదీ అరేబియాలో పదిహేనేళ్ళు సేల్స్‌మన్‌గా పనిచేసి, పిల్లల చదువు, ఆటల కోసమని నిజామాబాద్ తిరిగి వచ్చేశారు. గల్ఫుకు వెళ్ళినవారి కథలు మనకు కొత్త కాదు గాని, ఆడపిల్లల ఆట కోసం గల్ఫు నుంచి తిరిగి వచ్చిన తండ్రి కథ ఎన్నిసార్లు విన్నాం?

మొదట ఆమెను పరుగు పందేలకు తయారు చేశారు. మైదానంలో మిగతా ఆటలన్నిటిలో ఆడపిల్లలు కనబడుతున్నారు, బాక్సింగ్‌లో మాత్రం లేరు. ఎందుకు లేరని ఆ పిల్ల అడిగింది. ఆ ప్రశ్నే ఆమెను బాక్సింగ్‌లోకి తీసుకువెళ్ళింది. స్థానిక శిక్షకుడు శంషాముద్దీన్ వద్ద ఓనమాలు దిద్దుకుని, 2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వెంకటేశ్వరరావు శిక్షణలోకి వెళ్ళింది. 2011లో తుర్కియేలోని అంటాల్యాలో జరిగిన ప్రపంచ జూనియర్, యువ మహిళల పోటీల్లో స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు పదిహేనేళ్ళు కూడా నిండలేదు.

ఇక్కడి వరకూ అందరూ చెప్పుకుంటారు. నేను పాఠకుల దృష్టికి తేదలచింది ఆ తరువాతి పదకొండేళ్ళు. జూనియర్లలో ప్రపంచ విజేత అయిన పిల్ల పెద్దల విభాగంలో ప్రపంచ విజేత కావడానికి 2022 దాకా పట్టింది. నడుమ 2017లో భుజం తప్పింది. ఆ ఏడాది బరిలోకి దిగే మాటే లేదు. అప్పుడు ఆమె ముందున్న లక్ష్యం పతకమా? కాదు. భుజం పూర్తిగా పైకి లేవడం, ఆ పైన నొప్పి లేకుండా గుద్దగలగడం. ఒక్కో మెట్టు అంతే. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలన్న వివాదం వచ్చింది. ఎంపిక పోటీ న్యాయంగా జరపండని ఆమె క్రీడల మంత్రికి లేఖ రాసింది. ఆ డిసెంబరు 28న ఢిల్లీలో జరిగిన ఎంపిక పోటీలో మేరీకోమ్ చేతిలో 9-1తో ఓడింది. పోటీ జరపమని అడిగి మరీ ఓడిపోవడం ఎంత తలవంపో ఊహించండి. ఇరవై మూడేళ్ళ పిల్ల అక్కడితో ఆగిపోయినా తప్పుపట్టేవారు ఉండరు.

ఆమె ఆగలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగం ఫైనల్‌లో థాయిలాండ్‌కు చెందిన జిత్పోంగ్ జుతామాస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. అదే సంవత్సరం ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల విభాగంలో స్వర్ణం. 2023 మార్చిలో ఢిల్లీలో మళ్ళీ ప్రపంచ స్వర్ణం. ఆ ఏడాదే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సెమీస్ చేరి పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించింది, కాంస్యం తెచ్చింది.

పారిస్‌లో ఏమైంది? రెండుసార్లు ప్రపంచ విజేత అయినా అక్కడ ఆమెకు సీడింగ్ దక్కలేదు. 2024 జూలై 28న తొలి పోటీలో జర్మనీ అమ్మాయిని ఓడించింది. ఆగస్టు 1న రెండో పోటీలోనే చైనాకు చెందిన వూ యూ ఎదురు పడింది, 0-5తో నిఖత్ ఓడిపోయింది. ఆ చైనా అమ్మాయే చివరకు స్వర్ణం గెలిచింది. డ్రా ఎలా పడుతుందో, ఎదురుగా ఎవరు వస్తారో, న్యాయనిర్ణేతల మనసులో ఏముందో ఆటగాడి చేతిలో ఉండదు. అందుకనే పతకం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకున్నవాడు ఆ రోజు సర్వం పోగొట్టుకున్నట్టు కూలబడతాడు. ఎడమ చేతి రక్షణ ఎంత గట్టిపడింది, మూడో రౌండులో కాళ్ళు ఎంత కదిలాయి అని లెక్క పెట్టుకున్నవాడికి ఓటమిలోనూ చేతికి దక్కేది ఉంటుంది. నిఖత్ 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల విభాగంలో మళ్ళీ స్వర్ణం గెలిచింది.

ఆమె బరువు విభాగాలు మారడం చూసి మన ఊళ్ళలో బాక్సింగ్, కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునే పిల్లలు అన్నం మానేసి బరువు తగ్గించుకోవాలని చూడరాదు. పెద్ద క్రీడాకారులకు వెనుక వైద్యులు, ఆహార నిపుణులు ఉంటారు. ఎదిగే వయసులో ఉన్న పిల్లకు బరువు తగ్గడాన్ని లక్ష్యంగా పెట్టే శిక్షకుడి దగ్గరికి బిడ్డను పంపకపోవడమే మంచిది.

నాలుగు సెకన్ల లెక్క

పెద్ద లక్ష్యాన్ని చిన్న ముక్కలుగా ఎలా కోయాలో చెప్పడానికి అమెరికా ఈతగాడు జాన్ నేబర్ లెక్కను మించింది నాకు కనబడలేదు. 1972లో అతనికి పదహారేళ్ళు. మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తూర్పు జర్మనీకి చెందిన రోలాండ్ మాథెస్ వెల్లకిల ఈతలో గెలవడం చూశాడు. తాను అప్పటికి 100 మీటర్లు ఈదడానికి పట్టే వేళ 59.5 సెకన్లు. నాలుగేళ్ళ తరువాత స్వర్ణం కావాలంటే 55.5 సెకన్లలో ఈదాలని అంచనా వేసుకున్నాడు. నాలుగు సెకన్లు! ఈతలో అది కొండంత. కూర్చుని భాగాహారం చేశాడు. నాలుగేళ్ళలో నాలుగు సెకన్లంటే ఏడాదికి ఒకటి. ఏడాదికి పది నెలల సాధన, నెలకు సెకనులో పదో వంతు. రోజుకు మూడు వందలో వంతు. రోజుకు నాలుగు గంటల సాధన, గంటకు సెకనులో 1200వ వంతు. రెప్పపాటులో కూడా అది చాలా చిన్న ముక్క. ఈ గంటలో ఆ ముక్క సంపాదించగలనా అని అడిగితే ఎవరైనా గలననే అంటారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అతను స్వర్ణం గెలిచిన సమయం 55.49 సెకన్లు.

మనస్తత్వ శాస్త్రంలోనూ ఇదే సంగతి మరో దారిలో తేలింది. ఎడ్విన్ లాక్ అనే అమెరికా పండితుడు 1968లో ప్రకటించిన వ్యాసంతో మొదలుపెట్టి, గ్యారీ లాథమ్‌తో కలిసి 1990లో ప్రచురించిన గ్రంథం దాకా చేసిన కృషి సారాంశం ఏమిటంటే, 'చేతనైనంత చెయ్యి' అని వదిలేసిన వారికంటే, కష్టమైనదే అయినా ఖచ్చితమైన లక్ష్యం ఇచ్చిన వారు ఎక్కువ సాధిస్తారు. అయితే ఆ లక్ష్యాన్ని చేసేవాడు మనసారా ఒప్పుకోవాలి, దాన్ని అందుకునే శక్తి అతనికి ఉండాలి, ఎంతవరకు వచ్చాడో ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండాలి. మన బళ్ళలో 'బాగా ఆడండర్రా' అని వీపు తట్టి పంపుతాం. బాగా అంటే ఎంత?

ఇక మన మైదానానికి వద్దాం. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయిని ఉదాహరణగా తీసుకోండి. బడి ఆవరణలో సున్నంతో గీసిన 200 మీటర్ల గీత. రెండు చుట్లు తిరిగితే 400 మీటర్లు. ఆమెకు 76 సెకన్లు పట్టింది. 'ఇంకా గట్టిగా పరుగెత్తాలి' అని అరిస్తే ఏం లాభం? మొదటి చుట్టు వేళ విడిగా, రెండో చుట్టు వేళ విడిగా రాసి చూడండి. మొదటిది 33, రెండోది 43 అనుకుందాం. అంటే ఆ పిల్ల బలహీనురాలు కాదు, మొదట్లోనే ఉన్న శక్తినంతా ఖర్చు చేసుకుంటోంది. అలవాటు లేని ప్రతి పిల్లా చేసేది ఇదే. మొదటి చుట్టు 35లో, రెండోది 37లో ముగిస్తే మొత్తం 72. మొదటి చుట్టు నెమ్మదిస్తే మొత్తం నాలుగు సెకన్లు తగ్గుతుందని చెబితే ఆ పిల్ల మొదట నమ్మదు. గడియారం చూపిస్తే నమ్ముతుంది.

ఇప్పుడు లక్ష్యం మూడు రకాలుగా రాయాలి. జిల్లా జట్టులోకి రావాలి అన్నది ఫలిత లక్ష్యం, అది పై వరుసలో ఉండనివ్వండి. నవంబరు నాటికి 72 సెకన్లు అన్నది కొలత లక్ష్యం. మంగళ, గురువారాల్లో 35 సెకన్ల చొప్పున నాలుగుసార్లు 200 మీటర్లు, ప్రతిదాని నడుమ నాలుగు నిమిషాల విరామం. శనివారం ఇరవై నిమిషాల నెమ్మది పరుగు. రాత్రి పదింటికల్లా నిద్ర. ఇది పని లక్ష్యం. మొదటిది దేవుడి చేతిలో, ఎంపిక సంఘం చేతిలో ఉంది. రెండోది సగం మన చేతిలో ఉంది. మూడోది పూర్తిగా మన చేతిలోనిది. ప్రతి రోజూ సున్నా చుట్టాలో టిక్కు పెట్టాలో మూడో దానికే.

నాలుగు సెకన్లూ నెలకు ఇంత అని సమానంగా తగ్గవు సుమా. కొత్తగా మొదలుపెట్టిన పిల్లకు మొదటి రెండు నెలల్లోనే రెండు సెకన్లు తగ్గి ఉత్సాహం కలుగుతుంది. ఆ తరువాత ఒక్క సెకను కోసం ప్రాణం పోతుంది. పైగా పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య ఒళ్ళు మారే వయసు. మొగపిల్లలు ఉన్నట్టుండి పొడవు సాగుతారు, కాళ్ళూ చేతులూ మాట వినవు. ఆడపిల్లల్లో శరీరం మారుతున్నప్పుడు కొన్ని నెలల పాటు వేళ ఏమాత్రం తగ్గకపోవచ్చు, ఒక్కోసారి పెరగవచ్చు కూడా. 'పిల్లకు బద్ధకం పట్టుకుంది' అని తిట్టి మాన్పించేది సరిగ్గా ఈ సమయంలోనే. ఆ నెలల్లో గడియారాన్ని పక్కన పెట్టి చేతుల కదలిక, మలుపులో ఒళ్ళు వాల్చడం, పరుగు ఆరంభం వంటివాటిని లక్ష్యంగా పెట్టాలి.

గడియారంతో పని లేని ఆటల్లోనూ లెక్క ఉంటుంది. వాలీబాల్‌లో ఇరవై సర్వీసులు వేయిస్తే వెనుక మూలన పడినవి ఎన్ని? తొమ్మిదా? దసరాకు పద్నాలుగు కావాలి. క్రికెట్‌లో పిచ్ మీద చేతిరుమాలు పరిచి, ఓవరుకు ఎన్ని బంతులు దాని మీద పడుతున్నాయో రాయించండి. కబడ్డీలో పది కూతల్లో ఎన్నిసార్లు బోనస్ గీత దాటాడో రాయించండి. కొల్లేటి గట్ల మీద పిల్లలు చేపపిల్లల్లా ఈదుతారు. వాళ్ళకు ఎన్ని సెకన్లు పడుతోందో ఒక్కరైనా కొలిచి చూశారా అని నా అనుమానం.

అన్నిటికంటే అంకె బాహాటంగా కనబడే ఆట వెయిట్‌లిఫ్టింగ్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. స్వర్ణం, రజతం పొందిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలు. ఆమె చివరి ప్రయత్నానికి పెట్టించినది 137.5 కిలోలు, అంతకుముందు ఎత్తిన దానికంటే ఏడున్నర ఎక్కువ. అది లేవలేదు. తక్కువ పెట్టి ఉండవలసిందా అన్న చర్చ ఇప్పటికీ క్రీడాభిమానుల్లో నడుస్తూనే ఉంది. ఆ క్షణంలో స్వర్ణం కోసం తెగించిన మనిషిని ఇరవై ఏళ్ళ తరువాత కుర్చీలో కూర్చుని తప్పుపట్టడం నాకు నచ్చదు. కాని తరువాతి మెట్టు ఎంత ఎత్తున ఉండాలన్న నిర్ణయం ఎంత బరువైనదో ఆ ఇనుప కమ్మీ చెబుతుంది.

రహీం సాహెబ్ బడి

శిక్షకుల ప్రస్తావన వచ్చినప్పుడు నా వంటి బడిపంతుళ్ళకు గర్వం కలిగించే పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో ఉపాధ్యాయుడు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పనిచేశారు. 1950 నుంచి 1963లో చనిపోయే వరకు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు, భారత జట్టుకు శిక్షకుడు. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక ఈ తరానికి ఆయన పేరు తెలిసింది. అరవై ఏళ్ళు ఆలస్యంగానైనా మంచిదే.

ఆయన గొప్పదనం పతకాల్లో కంటే పద్ధతిలో ఉంది. కుడికాలితో మాత్రమే ఆడే కుర్రవాళ్ళకు ఎడమకాలు కూడా రావాలి. దానికి ఉపన్యాసం ఇవ్వలేదు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలన్న నిబంధనతో పోటీలు పెట్టారు. బంతిని పట్టుకుని ఒక్కడే ఊరేగే అలవాటు పోవాలి. డ్రిబ్లింగ్ చేయరాదన్న నిబంధనతో పోటీలు పెట్టారు. అంటే లక్ష్యాన్ని మాటలో కాక ఆటలోనే ఇమిడ్చారు. పిల్లవాడు గెలవాలని ఆడుతూనే తనకు లేనిదాన్ని నేర్చుకుంటాడు. మన ఊళ్ళలో ఈ పని చేయడానికి రూపాయి ఖర్చు లేదు. సాయంత్రం ఆటలో ఒక పావుగంట ఇలాంటి షరతు పెట్టి చూడండి.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండా ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. నాలుగేళ్ళు తిరిగేసరికి 1956 మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం సాహెబ్ ముందు వరుసలోకి పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే దక్షిణ కొరియా. గ్యాలరీల నిండా లక్షమంది, అందరూ మనకు వ్యతిరేకం. పి.కె.బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టగా 2-1తో స్వర్ణం మనది. అప్పటికే క్యాన్సర్ రహీం సాహెబ్‌ను తినేస్తోంది. తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో స్వర్ణం రాలేదు.

ఇంటి వైపు నుంచి

గురి ఎంత చక్కగా పెట్టినా ఇంట్లో తలుపు మూసేస్తే బాణం బయటికి పోదు. ఆడపిల్ల విషయంలో మన ఇళ్ళలో వినిపించే మాటలు అందరికీ తెలిసినవే. నిఖత్ కంటికి దెబ్బ తగిలి వాచి ఇంటికి వచ్చినప్పుడు ఆమె తల్లి కూడా ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని బెంగపడ్డారు. తల్లి మనసు అంతే. ఆ బెంగను వెక్కిరించరాదు. దుస్తులు, రాకపోకలు, వెంట ఎవరు ఉంటారు అన్న ప్రశ్నలకు బడివారు ముందుగానే తల్లిదండ్రులను కూర్చోబెట్టి జవాబు చెబితే సగం ఇబ్బంది తీరుతుంది. నిండు చేతుల చొక్కా, పొడవు పైజామా, తలకు బిగుతైన గుడ్డతో పరుగెత్తడానికి అడ్డేమీ లేదు. ప్రవక్త ముహమ్మద్ (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్న సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్ళ తరువాత ఆయన గెలిచారు. ఆటలో గెలుపోటములు చేతులు మారతాయని చెప్పడానికి కూడా ఆ ఉదంతం పనికివస్తుంది.

రంజాన్ నెల వస్తే శిక్షకులు, తల్లిదండ్రులు ఇద్దరూ తికమక పడతారు. ఉపవాసం ఉన్న కుర్రవాడు మధ్యాహ్నం ఎండలో కఠిన సాధన చేయడం ప్రమాదం. ఆ నెలలో లక్ష్యాన్ని మార్చుకోవాలి. కొత్తగా సాధించడం కాక, ఉన్నది జారిపోకుండా చూసుకోవడం చాలు. ఇఫ్తార్ తరువాత కొద్దిసేపు తేలిక సాధన, నీళ్ళు బాగా తాగడం, సహరీ మానకపోవడం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగులో ఆడిన హకీం ఒలాజువాన్ 1995 ఫిబ్రవరిలో ఉపవాసాలుంటూనే ఆ నెల ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అతను తన శరీరం సంగతి ఎరిగిన ముప్పై రెండేళ్ళ మనిషి, చలికాలపు రంజాన్. మన ఏప్రిల్ ఎండల్లో పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ కథ చెప్పి పందేనికి తోయకండి.

పదో తరగతి పరీక్షలతో ఆట ముగిసిపోవడమే పెద్ద నష్టమని మొదట అన్నాను. ఆ ఏడాది లక్ష్యాన్ని సగానికి తగ్గించండి, తీసివేయకండి. వారానికి మూడు రోజులు నలభై నిమిషాలు ఆడితే మార్కులు పోవు. తిండి విషయంలోనూ ఖరీదైన పొడుల డబ్బాలతో పని లేదు. బడి మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, చిక్కి పారవేయకుండా తినడం, ఇంట్లో పప్పు, పాలు, అరటిపండు మొదటి మెట్టు. దాన్ని కూడా ఆ నోటు పుస్తకంలోనే రాయించవచ్చు.

బీదరికం సాకు కాదని చెప్పడం నాకు ఇష్టం లేదు, బీదరికం నిజంగానే అడ్డు. అయినా ముహమ్మద్ సిరాజ్‌ను తలచుకోకుండా ఉండలేం. తండ్రి ముహమ్మద్ గౌస్ హైదరాబాద్‌లో ఆటో నడిపి పెంచారు. సిరాజ్ మన ఊరి పిల్లల్లాగే టెన్నిస్ బంతితో పెరిగినవాడు. 2020 నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి చనిపోయారు. కొడుకు భారత్ తరఫున టెస్టు ఆడాలన్నది ఆ తండ్రి కోరిక. సిరాజ్ అక్కడే ఉండిపోయి డిసెంబరు 26న మెల్బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. ఆ సిరీస్‌లో మొత్తం పదమూడు. 2023 సెప్టెంబరు 17న ఆసియా కప్ ఫైనల్‌లో 21 పరుగులకు ఆరు వికెట్లు తీస్తే శ్రీలంక 50 పరుగులకే కుప్పకూలింది. తండ్రి కోరిక తమన్నాయే. దాన్ని హదఫ్‌గా మార్చింది కొడుకు చేతిలోని బంతి.

యువజన సంఘాల మిత్రులకు ఒక మాట. సంక్రాంతి పందేలకు వేల రూపాయల నగదు బహుమతులు పెడతారు. బహుమతి కోసం ప్రతి జట్టూ బయటి ఊళ్ళ నుంచి ఆటగాళ్ళను అద్దెకు తెచ్చుకుంటుంది. సొంత ఊరి కుర్రవాళ్ళు గట్టు మీద కూర్చుని ఈలలు వేస్తారు. ఆ డబ్బులో పదో వంతు పెట్టి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఒక పోటీ జరపండి. కిందటి ఏడాది కంటే ఈ ఏడాది తన కొలతను ఎక్కువగా మెరుగుపరచుకున్న పిల్లవాడికి బహుమతి ఇవ్వండి, మొదట వచ్చినవాడికి కాదు. అలాంటి బహుమతి చిట్టచివర వచ్చినవాడికి కూడా దక్కవచ్చు.

ఉపాధ్యాయ మిత్రులకు రెండు జాగ్రత్తలు. లక్ష్యాన్ని మీరు రాసి పిల్ల చేతిలో పెట్టకండి, పిల్ల చేత చెప్పించి పిల్ల చేతనే రాయించండి. మరీ పెద్దదైతే తగ్గించమనండి, మరీ చిన్నదైతే 'ఇంతేనా అమ్మా?' అనండి. అంకెలను అసెంబ్లీలో అందరి ముందు చదవకండి. ఆ పుస్తకం పిల్లది. అన్న కొలతతో తమ్ముడిని, ఒక ఇంటి బిడ్డతో మరో ఇంటి బిడ్డను పోల్చారంటే మరునాడు పుస్తకం కనబడదు.

స్కూలు క్రీడల ఎంపికలు పద్నాలుగు, పదిహేడు, పందొమ్మిదేళ్ళ లోపు విభాగాల్లో జరుగుతాయి. మండలం దాటితే జిల్లా, జిల్లా దాటితే రాష్ట్రం. 2022 ఏప్రిల్ నుంచి మన మండలం ఏలూరు జిల్లాలోనే ఉంది, కనుక మెట్ట పిల్లలు పోటీ పడవలసింది ఏలూరు అల్లూరి సీతారామరాజు స్టేడియంలో ప్రతి రోజూ సాధన చేసే పట్టణం పిల్లలతో. ఎంపికల తేదీ ప్రకటించాక మొదలుపెట్టే రెండు వారాల సాధనతో వారిని అందుకోలేం. జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలోనే కొలతలు తీయాలి. ఒక టేపు, ఒక బస్తా సున్నం, ఏ సెల్‌ఫోనులోనైనా ఉండే స్టాప్‌వాచ్, పిల్లకొక నలభై పేజీల నోటు పుస్తకం. మొదటి పేజీలో తేదీ, పేరు, పుట్టిన రోజు, ఈనాటి కొలత. రెండో పేజీలో నవంబరు కొలత. మూడో పేజీ నుంచి రోజూ ఒక గీత.